కరవు కాలంలో జలక్రీడ: ఖారూన్ తీరం చెప్పే చరిత్ర

హౌరా–ముంబయి రైలుమార్గంలో రాయ్‌పూర్ విడిచిన బండి కొద్దిసేపట్లోనే ఖారూన్ నది మీది వంతెన దాటి కుమ్హారి చేరుతుంది. నదికి అవతలి ఒడ్డు రాయ్‌పూర్ జిల్లా, ఇవతలి ఒడ్డు దుర్గ్ జిల్లా. కుమ్హారి పేరు విన్న తెలుగువానికి మన కుమ్మరి గుర్తుకు రావడం సహజం. మన్నూ నీరూ రెండూ చేరువలో ఉన్నచోటనే కుమ్మరి సారె తిరుగుతుంది. ఆ నీటి ఊరి నుంచి మరికొంత దూరం పోతే భిలాయి ఉక్కునగరం వస్తుంది. మా బాబాయి అక్కడి కర్మాగారంలో ఉద్యోగం చేసేవారు. వేసవి సెలవులలో మేము వెళ్లినపుడు పిల్లలందరినీ మైత్రీబాగ్ ఉద్యానానికి తీసుకుపోయి పడవ ఎక్కించేవారు. ఒకనాటి సాయంత్రం ఇల్లు చేరి కాళ్లు కడుగుకొంటూ, కొళాయి కట్టడం మరచిన నన్ను ఆయన మందలించారు. ‘‘మన ఫ్యాక్టరీకీ మన కొళాయికీ వచ్చేది బాలోద్ రైతుల కాలువ నీళ్లేరా, పారబోయకు’’ అన్నారు. పడవ షికారు ఆనందమూ, ఆ మందలింపూ రెండూ ఒకే సాయంత్రానివి కావడంచేత కాబోలు, నా మనస్సులో అవి నేటికీ విడిపోలేదు.

కరవు వచ్చినపుడు వినోదానికి వాడే నీరు, సేద్యానికి వాడే నీరు ఎదురెదురుగా నిలబడతాయి. ఏది ముందు అనే ప్రశ్నకు సేద్యమే ముందని ఎవరైనా చెబుతారు. అంత సులభంగా సమాధానం దొరికే ప్రశ్న ప్రతి కరవులోనూ మళ్లీ ఎందుకు తలెత్తుతున్నదో తెలుసుకోవాలంటే కొంత వెనుకకు పోవాలి. అందుకు ఛత్తీస్‌గఢ్ మైదానం, అందునా దుర్గ్ పరిసరాలు, చాలినంత చరిత్ర గల ప్రదేశాలు.

ఒక ఫోను, ఒక జలాశయం

ముందుగా ఇటీవలి ఉదంతం ఒకటి. 2023 మే నెలలో, దుర్గ్‌కు దక్షిణాన ఉన్న కాంకేర్ జిల్లాలో, పఖాంజూర్ ప్రాంతపు పరల్‌కోట్ జలాశయానికి ఆహార శాఖ ఉద్యోగి ఒకరు మిత్రులతో విహారానికి వెళ్లారు. ఫొటో తీసుకుంటుండగా ఆయన చేతిలోని ఖరీదైన ఫోను నీటిలో పడిపోయింది. దానికోసం డీజిల్ పంపు పెట్టించి, అలుగు దిగువన నిలిచిన నీటిని మూడు రోజులపాటు తోడించారు. ఫోను దొరికింది కాని పనిచేయలేదు. విషయం బయటపడి జిల్లా యంత్రాంగం ఆయనను సస్పెండు చేసింది. తోడిన నీరు 21 లక్షల లీటర్లని మొదట పత్రికలు వ్రాశాయి. తరువాత జలవనరుల శాఖ లెక్కగట్టి అది సుమారు 41 లక్షల లీటర్లని తేల్చి, యాభై వేల రూపాయలకు పైగా జరిమానా విధించింది.

ఆ నీటితో 1,500 ఎకరాలు తడిసి ఉండేవని దేశమంతటా ప్రచారమైంది. చరిత్ర చదివినవాడు అంకెలను కూడా సాక్ష్యంగానే పరీక్షించాలి. 41 లక్షల లీటర్లంటే 4,100 ఘనపు మీటర్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఆ నీరంతా ఒక్క ఎకరంలో ఒక మీటరు లోతున నిలుస్తుంది. నాటు నుంచి కోత దాకా ఒక ఎకరం వరికి కావలసిన నీరు ఇంచుమించు అంతే, కొన్ని నేలలలో ఇంకా ఎక్కువ. పదిహేను వందల ఎకరాల మాట అతిశయోక్తి.

అయినప్పటికీ ఆ చుట్టుపక్కల రైతుల ఆగ్రహం అతిశయోక్తి కాదు. పశువుకు రోజుకు యాభై లీటర్ల చొప్పున లెక్కవేస్తే అదే నీరు ఎనిమిది వందల పశువులను వంద రోజులు బ్రతికిస్తుంది. మే నెల ఎండలో ఈ లెక్క చిన్నది కాదు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నీటిని కొన్ని అడుగుల మేర తగ్గించుకోవడానికి పై అధికారి నోటిమాటగా అనుమతి ఇచ్చారని ఆ ఉద్యోగి చెప్పుకొన్నారు. తన పొలానికి ఒక తడి ఎక్కువ కావాలంటే రైతు ఎన్ని కాగితాలు పెట్టుకోవాలో తెలిసినవారికి, ఆ నోటిమాట ఎందుకు గుచ్చుకొన్నదో వివరించనవసరం లేదు. రైతు లీటర్లను లెక్కించలేదు. నీటి మీద మాట ఎవరిదో చూశాడు. ఈ వ్యాసం చెప్పదలచినది కూడా ఆ మాట చరిత్రనే.

ఆరు ఇరవైలు, ఆపై ఆరు

ఛత్తీస్‌గఢ్‌లో ప్రాచీన పట్టణాల గొప్పతనాన్ని చెరువుల సంఖ్యతో చెప్పడం అలవాటు. ‘ఛై ఆగర్ ఛై కోరీ’ అనేది అక్కడి నానుడి. కోరీ అంటే ఇరవై. ఆరు కోరీలు, వాటికి పైన ఆరు, వెరసి 126. దుర్గ్ జిల్లాలోని ధమ్‌ధా పట్టణానికి 126 చెరువులుండేవని నేటికీ చెప్పుకొంటారు. రతన్‌పూర్ వంటి ఇతర పాత రాజధానుల గురించీ ఇదే మాట వినవస్తుంది.

ఆ చెరువులలో అన్నీ సాగుకు కావు. ఊరికి ఆనుకొని ఉండే చెరువును ‘నిస్తారీ’ చెరువు అంటారు. స్నానం, బట్టలుతకడం, పశువులను కడగడం, శుభాశుభ కర్మలు ఇవన్నీ నిస్తార్ కిందికే వస్తాయి. ఆడవారి రేవు వేరు, మగవారి రేవు వేరు. ఎండాకాలపు మధ్యాహ్నాలలో పిల్లల ఈతలు అక్కడే. శ్రావణం ముగిసిన వెంటనే వచ్చే భోజలీ పండుగనాడు మొలకెత్తిన గోధుమ బుట్టలను ఆడపిల్లలు ఊరేగింపుగా తెచ్చి నిమజ్జనం చేసేదీ అక్కడే. తెలంగాణలో బతుకమ్మను సాగనంపే చెరువుగట్టును తలచుకొంటే ఈ దృశ్యం మనకు కొత్తగా తోచదు. కొత్తగా తవ్విన చెరువు నడుమ కొయ్యస్తంభం నాటి దానికి పెండ్లి చేసే ఆచారం కూడా ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. పెండ్లికాని చెరువు నీరు శుభకార్యాలకు పనికిరాదని నమ్మకం.

దీనివలన తెలియవచ్చేది ఏమంటే, నీటితో ఆడుకోవడం ఈ సమాజానికి విలాసం కాదు. చెరువు నిర్వహణలో అది ఒక భాగం. ఆటకూ సేద్యానికీ అప్పుడు తగవు రాలేదా? వచ్చే ఉండును. కాని ఈత కొట్టే పిల్లవాడూ, తూము ఎత్తే రైతూ ఒకే ఇంటివారు. మట్టం ఏ మెట్టుకు దిగిందో ఇద్దరూ ఒకే రేవు నుంచి చూసేవారు. ఏ మెట్టు కనిపిస్తే ఏ వాడకం ఆపాలో ఊరికి తెలుసు.

తెలుగు దేశంలోనూ ఇదే పద్ధతి మరింత సునిశితంగా కనిపిస్తుంది. తటాక నిర్మాణాన్ని సప్తసంతానాలలో చేర్చి పుత్రుని సరసన నిలిపిన సంస్కృతి మనది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులు ఆ భావనకు నిలువెత్తు నిదర్శనాలు. నీటిని పంచే బాధ్యత గ్రామసేవకుడైన నీరటికానిది. చెరువు పూర్తిగా నిండని సంవత్సరంలో ఆయకట్టు మొత్తానికి నీరు పెట్టడానికి ప్రయత్నించి అందరి పైరూ ఎండబెట్టుకోకుండా, చెరువుకు దగ్గరగా ఉన్న భూమిలో కొంత భాగాన్ని మాత్రమే సాగుకు నిర్ణయించి, దానిని రైతులందరికీ వారి వారి పాళ్ల ప్రకారం పంచేవారు. దీనికి ‘దామాషా’ అని పేరు. ఎవరి భూమి తూముకు దగ్గరగా ఉంటే వారే బ్రతకాలన్న ప్రకృతి న్యాయాన్ని ఊరి న్యాయం ఆ విధంగా సవరించింది. దామాషాలో గమనించదగిన అంశం, ఆ లెక్క నాట్లకు ముందే జరగడం. పైరు ఎండిన తరువాత చేసే పంపకం పంపకం కాదు, పంచాయితీ.

ఈ గ్రామవ్యవస్థను మరీ అందంగా చిత్రించడం కూడా సత్యానికి దూరం. ఏ రేవులో ఎవరు దిగవచ్చునో కులం నిర్ణయించేది. చెరువు మీద పెత్తనం చాలాచోట్ల మాల్‌గుజారుదే. ఊరి మాట అన్నది ఊరందరి మాట కాదు. అయినా ఆ నిర్ణయం చెరువుగట్టు మీదనే జరిగేది. నిర్ణయించినవాని ముఖం నష్టపడినవానికి తెలిసేది.

కాలువ వచ్చిన తరువాత

1896–97లోనూ, మళ్లీ 1899–1900లోనూ వచ్చిన ఘోరమైన క్షామాలు మధ్యపరగణాలను అతలాకుతలం చేశాయి. 1901లో నియమితమై 1903లో నివేదిక సమర్పించిన నీటిపారుదల సంఘం, కరవు ప్రాంతాలలో రక్షణ కోసం నీటి నిర్మాణాలు చేపట్టాలని సూచించింది. 1906లో దుర్గ్ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. 1910–1921 మధ్య బాలోద్ దగ్గర తాందులా జలాశయం నిర్మించారు. ధంతరి వైపు మహానదికి రుద్రి వద్ద అడ్డుకట్ట కట్టి కాలువలు తవ్వారు. 1923 నాటికి ముర్రుంసిల్లి జలాశయం పూర్తయింది. కరవు నుంచి రైతును కాపాడటానికే ఇవన్నీ వచ్చాయనడంలో సందేహం లేదు. అయితే కాలువతోపాటు ఒక కొత్త సంగతి కూడా వచ్చింది. నీటి తలుపు ఊరికి కనిపించనంత దూరం పోయింది. దాని తాళంచెవి సర్కారు చేతికి చేరింది.

ఆ మార్పు మీద తొలి తగవు 1920లోనే జరిగింది. ధంతరి సమీపాన ఉన్న కండేల్ గ్రామస్థులను, కాలువ నీటికి పది సంవత్సరాల ఒప్పందం మీద సంతకం చేయమని ప్రభుత్వం అడిగింది. ఆ పదేళ్లలో చెల్లించవలసిన సొమ్ముతో ఊళ్లోనే ఒక పెద్ద చెరువు తవ్వుకోవచ్చునని రైతులు లెక్కగట్టి నిరాకరించారు. ప్రభుత్వం వారి మీద నీటి దొంగతనం నేరం మోపి, ఊరందరికీ కలిపి నాలుగు వేల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బాబూ ఛోటేలాల్ శ్రీవాస్తవ, పండిత సుందర్‌లాల్ శర్మ, నారాయణరావు మేఘావాలే ప్రభృతుల నాయకత్వంలో ప్రజలు సత్యాగ్రహానికి దిగారు. జరిమానా కింద జప్తు చేసిన పశువులను సంత సంతకూ తిప్పినా వేలంలో పాడేవాడు లేకపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో గాంధీజీ ఈ ప్రాంతానికి వచ్చే సమయానికి ప్రభుత్వం జరిమానాను ఉపసంహరించుకొన్నదని ప్రాంతీయ చరిత్రలు పేర్కొంటున్నాయి.

కండేల్ ఉద్యమాన్ని సహాయ నిరాకరణకు పూర్వరంగంగా చెప్పడం పరిపాటి. మన విషయానికి మాత్రం రైతులు వేసిన ఆ లెక్కే ముఖ్యం. కాలువ నీటి ధరను వారు మరొక కాలువ నీటి ధరతో పోల్చలేదు. తమ చేతిలో ఉండే చెరువుతో పోల్చారు. నీటి పరిమాణంతోపాటు దాని మీది అధికారానికి కూడా విలువ కట్టిన లెక్క అది.

ఉక్కు, ఉద్యానం

స్వాతంత్ర్యానంతరం, 1951లో మాల్‌గుజారీ హక్కులు రద్దయి, గ్రామ చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. 1959 నాటి మధ్యప్రదేశ్ భూమిశిస్తు స్మృతి, గ్రామస్థుల నిస్తార్ హక్కులను నమోదు చేసే పత్రాలకు చట్టంలో చోటు కల్పించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో భిలాయిలో సోవియట్ సహకారంతో నిర్మించిన తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చి చేరిన శ్రామికులలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కరవుకూ నిరుద్యోగానికీ తాళలేక బయలుదేరినవారికి భిలాయి అన్నం పెట్టింది.

ఉక్కుకు నీరు కావాలి. తాందులా నీటిలో కర్మాగారానికి వాటా ఏర్పడింది. గోందలీ, ఖర్‌ఖరా జలాశయాలు దానికి తోడయ్యాయి. అదీ చాలక, 1970లలో మహానది మీద గంగ్రేల్ వద్ద కట్టిన రవిశంకర్ సాగర్ నుంచి నీరు తెచ్చారు. ఆ జలాశయం కింద యాభైకి పైగా గ్రామాలు మునిగిపోయాయి. అక్కడి అంగారమోతీ అమ్మవారిని సైతం ఒడ్డుకు తరలించవలసి వచ్చింది. రాయ్‌పూర్ నగరవాసుల దాహం తీర్చేది కూడా చాలావరకు గంగ్రేల్ నుంచి కాలువ ద్వారా ఖారూన్‌కు చేరే నీరే. కుమ్హారి వంతెన కింద కనిపించే ఖారూన్ ఈ విధంగా సగం నది, సగం కాలువ.

1972లో భారత–సోవియట్ స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ రూపొందింది. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడిన కార్మికునికి ఆదివారంనాడు భార్యాబిడ్డలతో నీటి ఒడ్డున కూర్చునే హక్కు లేదని ఎవరనగలరు? పల్లెలోని చెరువుగట్టును విడిచి వచ్చినవానికి నగరం ఇచ్చిన చెరువుగట్టు అది. కాని ఒక తేడా ఏర్పడింది. పల్లెలో ఈతగానికి తూము కనిపించేది. ఉద్యానంలో పడవ ఎక్కినవానికి బాలోద్ కాలువ కనిపించదు. ఆ కాలువ చివరి భూములలో పైరు ఎండుతున్నదో పండుతున్నదో తెలిసే మార్గం లేదు. మా బాబాయి మందలింపు వంటివి మాత్రమే ఆ దూరాన్ని పూరించాలి.

తరువాతి దశాబ్దాలలో ఈ దూరం ఇంకా పెరిగింది. రాయ్‌పూర్ బూఢాతాలాబ్ నడుమ వివేకానందుని విగ్రహం వెలసి, అది విహారస్థలమైంది. తేలీబాంధా చెరువును అలంకరించి నగరవాసులు ‘మెరీన్ డ్రైవ్’ అని ముద్దుగా పిలుచుకొంటున్నారు. గంగ్రేల్ ఒడ్డున పర్యాటక కుటీరాలు, మోటారు పడవలు వచ్చాయి. హైదరాబాదు దీనికి ముందే దారి చూపింది. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్‌షా వలీ నిర్మించిన హుస్సేన్‌సాగర్ సేద్యానికీ త్రాగునీటికీ ఉద్దేశించిన చెరువు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాక దాని పాత అవసరం క్షీణించింది. ఆయకట్టు నగరమైపోయింది. 1992 డిసెంబరులో బుద్ధ విగ్రహం సాగరమధ్యంలో నిలిచిన తరువాత అది పూర్తిగా విహారజలమే. ఆయకట్టు లేని చెరువులో వినోదం ఎవరి నోటి కూడూ తీయదు. ఆయకట్టు బ్రతికి ఉన్న చెరువు సంగతి వేరు.

నది మీద కంచె

1998లో దుర్గ్ పరిసరాలలోనే నీటి అధికారం మరొక మెట్టు దిగింది. బోరాయీ పారిశ్రామిక వాడకు నీరు సరఫరా చేసే నిమిత్తం శివనాథ్ నదిలో 23.6 కిలోమీటర్ల మేరను రేడియస్ వాటర్ అనే ప్రైవేటు సంస్థకు 22 సంవత్సరాల ఒప్పందం మీద అప్పగించారు. ఖారూన్ కలిసేది ఈ శివనాథ్‌లోనే. ఒప్పందం అమలులోకి వచ్చాక, తరతరాలుగా నదిలో వల వేసినవారికీ, స్నానమాడినవారికీ, ఒడ్డున పంపు పెట్టి కూరగాయలు పండించినవారికీ ఆటంకాలు ఎదురయ్యాయి. ప్రజాసంఘాలు ఆందోళన చేశాయి. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజాపద్దుల సంఘం ఆ ఒప్పందాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది.

ఈ ఉదంతంలో స్నానమూ సేద్యమూ ఒకే పక్షాన నిలవడం విశేషం. నదిలో మునిగే పిల్లవాడు, ఒడ్డున వంకాయ తోట వేసిన రైతు, వల వేసే జాలరి ముగ్గురూ కలిసి ఒకే కంచె బయట నిలబడ్డారు. వినోదం సేద్యానికి స్వతస్సిద్ధంగా శత్రువు కాదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

క్రికెట్ మైదానం దాకా

2016 వేసవిలో ఇదే తగవు దేశమంతటికీ వినబడింది. మహారాష్ట్రలోని లాతూరు పట్టణానికి మీరజ్ నుంచి రైలులో నీరు తేవలసి వచ్చింది. ఏప్రిల్ 12న చేరిన తొలి బండి పది ట్యాంకర్లలో ఐదు లక్షల లీటర్లు తెచ్చింది. ఆ మరునాడే బొంబాయి హైకోర్టు, ఏప్రిల్ 30 తరువాతి ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలను రాష్ట్రం వెలుపలికి తరలించాలని ఆదేశించింది. మైదానాల పచ్చికకు సుమారు 60 లక్షల లీటర్లు కావాలన్నది వాదనలలో ప్రధానంగా వినవచ్చిన అంకె. ముంబయి, పుణె జట్ల సొంత మైదానపు పోటీలు కొన్ని విశాఖపట్టణానికి వచ్చాయి. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ కరవు మండలాలు ప్రకటితమై ఉన్నాయన్న సంగతి ఇక్కడ స్మరించదగినది. తగవు పరిష్కారం కాలేదు, ఊరు మారింది.

అరవై లక్షల లీటర్లు కూడా మన పూర్వపు కొలత ప్రకారం ఎకరంన్నర నేలలో మీటరు లోతు నీరే. అదే మహారాష్ట్రలో సాగు విస్తీర్ణంలో నాలుగు శాతం మాత్రమే ఉన్న చెరకు, సాగునీటిలో మూడింట రెండు వంతుల దాకా త్రాగుతున్నదని నిపుణుల అంచనా. క్రికెట్‌ను పంపివేసినందువలన లాతూరు దాహం తీరదని అప్పుడే పలువురు అన్నారు. వారి మాట అబద్ధం కాదు. అయితే న్యాయస్థానం జోక్యం పూర్తిగా వ్యర్థమనడమూ సరికాదు. నీటికి క్రమం ఉండాలని, ఆ క్రమంలో ఆట చివర నిలవాలని ఒక పౌరసమాజం బహిరంగంగా చెప్పుకొన్న సందర్భం అది. కొరత మాత్రం ఒక్కటే. ఆ మాట రైలు బయలుదేరిన తరువాత చెప్పుకొన్నాము.

క్రమం ఎవరు నిర్ణయించాలి

క్రమం లేదని కాదు. 1987 నాటి జాతీయ జలవిధానం త్రాగునీటికి ప్రథమ స్థానం, సేద్యానికి ద్వితీయ స్థానం ఇచ్చింది. 2002 విధానం ఆ రెండు స్థానాలనూ నిలిపి, జలవిద్యుత్తు, పర్యావరణం, పరిశ్రమలను తరువాత పేర్కొని, నౌకాయానాన్నీ ‘ఇతర వినియోగాల’నూ చివర ఉంచింది. వినోదానికి ప్రత్యేకంగా పేరు లేదు. అది ఆ ‘ఇతర’ అన్న మాటలో ఒదిగి ఉండవలసినదే. 2012 విధానం త్రాగునీటితోపాటు జీవనాధారమైన సేద్యాన్ని కూడా ముందుగా తీర్చవలసిన అవసరాలలో చేర్చింది. కాగితం మీద రైతుకు అన్యాయం జరగలేదు.

అయినా కాగితానికీ కాలువకూ నడుమ చాలా దూరమున్నది. 2017 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 21 జిల్లాలలోని 96 తహసీళ్లను కరవు ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాత వేసవి వరి వేయవద్దని ఆదేశాలు వెలువడగా రైతు సంఘాలు అభ్యంతరం తెలిపాయి. జలాశయాలు అడుగంటిన ఏట వేసవి వరి సాగును ఆపడం శాస్త్రీయంగా సమంజసమే కావచ్చు. కాని ఆ కోత ఒక్క రైతు వంతుకే వచ్చి, కర్మాగారం వాటా, నగరం వాటా, విహారస్థలం వాటా ఎంత తగ్గాయో అదే కాగితం మీద, అదే రోజున ప్రకటించకపోతే రైతుకు అది శాస్త్రంలా కనిపించదు. దామాషా అంటే అందరి పాలూ ఒకే లెక్కన తగ్గడం.

ఇదే రాష్ట్రంలో మరొక మంచి ఆనవాయితీ కూడా ఉన్నది. వేసవిలో గ్రామ చెరువులు ఎండిపోయినపుడు గంగ్రేల్, తాందులా కాలువల ద్వారా నీరు వదలి నిస్తారీ చెరువులను నింపుతారు. ఆ నీరు వరికి కాదు. పశువులకూ, స్నానాలకూ, పిల్లల ఈతలకూ. వేసవి పంటకు నీరు లేదన్న ఏట కూడా ఆ చెరువులకు నీరు అందాలని రైతే కోరతాడు. కాలువ నుంచి తన ఊరి చెరువుకు చేరిన నీటిని అతడు వ్యర్థమని అనడు. అది తనకు కనిపించే నీరు, తన ఊరు అడిగి తెచ్చుకొన్న నీరు. పరల్‌కోట్‌లో పంపుతో తోడిన నీరు పరిమాణంలో ఇందులో ఆవగింజంత. ఆ రెండింటి నడుమ తేడా లీటర్లలో దొరకదు.

నీటి నిర్వహణలో రైతుకు స్థానం కల్పించే ప్రయత్నాలు జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మధ్యప్రదేశ్ 1999లో అదే బాట పట్టింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడికతీత చేపట్టారు. ఈ సంఘాల అధికారం చాలాచోట్ల పిల్లకాలువ వద్దనే ఆగిపోయింది. జలాశయం మట్టం ఎంతకు దిగితే పడవలు ఆపాలి, ఎంతకు దిగితే పరిశ్రమ వాటా తగ్గాలి, ఎంతకు దిగితే ఒక తడి కోత పెట్టాలి అన్న ప్రశ్నలు ఆ సంఘాల సమావేశాలకు రావు. అవి మరెక్కడో నిర్ణయమవుతాయి.

ప్రభుత్వోద్యోగిగా ఈ వాక్యం వ్రాసేటపుడు నాకు సంకోచం లేకపోలేదు. ఆ ‘మరెక్కడో’ అన్నచోట కూర్చునేది మావంటివారమే. కరవు నివేదికలో వర్షపాతం, విత్తిన విస్తీర్ణం, ఎండిన విస్తీర్ణం గడులు నింపుతాము. విహారానికి, ఉద్యానాలకు, కొలనులకు ఎంత నీరు పోయిందో వ్రాసే గడి ఆ పట్టికలో నేను చూడలేదు. వ్రాయని నీటిని తగ్గించడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ గడి ఒకటి చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. ప్రతి జలాశయం వద్ద మట్టాలవారీగా ఏ వినియోగం ఎప్పుడు ఆగుతుందో ముందుగానే వ్రాసి, ఊరి భాషలో బోర్డు కట్టి పెట్టడానికి పెద్ద నిధులూ అక్కరలేదు. పూర్వం చెరువు మెట్లే ఆ బోర్డు.

మైత్రీబాగ్‌లో పడవ నడవాలి, బూఢాతాలాబ్ గట్టున సాయంకాలం జనం కూర్చోవాలి, పిల్లలు ఈత నేర్వాలి. నీటితో ఆడుకోవడం మరచిన జాతి నీటిని కాపాడుతుందని నేను నమ్మను. అయితే ఆ పడవలోనివానికి బాలోద్ కాలువ మట్టం తెలియాలి. ఆ మట్టం తగ్గిననాడు తన పడవ ఆగడం అతనికి శిక్షగా తోచకూడదు, ఊరి దామాషాలో తన పాలుగా తోచాలి.

ఎండాకాలంలో కుమ్హారి వంతెన మీదుగా పోయే ప్రయాణికునికి ఖారూన్ నీరు కనిపిస్తే నది అనుకొంటాడు. అది గంగ్రేల్ తలుపు తీసి ఎవరో పంపిన నీరు కావచ్చు. ఆ తలుపు ఎవరి మాట మీద తెరుచుకొన్నదో అడగడం కండేల్ రైతులు నూరేళ్ల క్రితమే మనకు నేర్పారు.